ఒకట్ల స్థానం

"దూది నలభై మూడు!"

వంటగది కిటికీలోంచి, భోజనానికి ఎంతమందో చెప్పే మొదటి కేక వచ్చింది. వంటావిడ చేతిలో కాగితమూ లేదు, కలమూ లేదు. పొయ్యిల పక్కన నిలబడి కొంగుతో మెడ తుడుచుకుంటూ "నలభై" అనుకుంది.

"నూలు ఎనభై నాలుగు!"

"ఎనభై. మొత్తం నూట ఇరవై."

"నేత డెబ్బై రెండు!"

"నూట తొంభై."

రంగుల విభాగం ముప్ఫై ఒకటి, ప్యాకింగ్ యాభై నాలుగు. అందరికన్నా చివర, కిటికీ దాకా రావడానికి కూడా బద్ధకించి గుమ్మం దగ్గర నుంచే క్లీనింగ్ మేస్త్రి "మావాళ్లు పద్నాలుగు" అని గొణిగి వెళ్లిపోయాడు. ఆ గొణుగుడు ఇంకా గాల్లో ఉండగానే ఆవిడ నోటి వెంట జవాబు వచ్చేసింది.

"రెండొందల ఎనభై. ఇరవై ఎనిమిది డబ్బాల బియ్యం పొయ్యి బాబాయ్."

ఒక్కో డబ్బా బియ్యం పదిమందికి సరిపోతుంది. ఆ నూలు మిల్లులో ఆవిణ్ణి అందరూ గుండుసున్నక్క అనేవారు. ఎంతటి అంకె అయినా ఆవిడ చెవిలో పడితే చాలు, ఒకట్ల స్థానంలో ఉన్నది ఊడిపోయి, వెనకాల సున్నా తగిలించుకుని బయటికొచ్చేది. ఐదు, ఆపైన ఉంటే పైకి లాగడం; నాలుగు, ఆలోపు ఉంటే కిందికి దించడం. "కొన్ని పైకెళ్తాయి, కొన్ని కిందికొస్తాయి, చివరికి చెల్లుకు చెల్లు" అని అడిగినవాళ్లకీ చెప్పేది, అడగనివాళ్లకీ చెప్పేది. ఎనిమిదేళ్ల నుంచి ఆ లెక్కతోనే ఆ వంటగది నడుస్తోంది. ఆవిడకి కాస్త గర్వం ఉండేదంటే ఉండదా మరి!

వడ్డన బాబాయి ఇరవై ఎనిమిది డబ్బాలూ కొలిచి పోశాడు. అలవాటు ప్రకారం ఇంకో రెండు పోయబోయాడు. అవి లెక్కలోవి కావు. చేతి ఊపులో ఎప్పుడూ పోసేవే.

"ఆ రెండూ ఎవరికమ్మా?"

క్యాంటీన్ మేనేజరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మనిషి నెమ్మదస్తుడు. కేకలు వేసే రకం కాదు. అలాంటివాళ్లతోనే భయం, ఎప్పుడు ఏం ముంచుకొస్తుందో తెలీదు.

"ఎవరికనేముంది సార్, చాలకపోతే ఉంటాయని..."

"చాలకపోవడం ఎప్పుడైనా చూశారా? మిగలడమే చూశాను నేను. పోయిన నెల మనుషుల్ని తగ్గించారు. వంట మాత్రం తగ్గలేదు." ఆయన ఖాళీ గుండిగలోకి తొంగి చూశాడు. "మీ మంచి కోరి చెప్తున్నాను. వంట బయటివాళ్లకి అప్పజెప్పేద్దామని పైన అంటున్నారు. నేనే ఆపాను. ఈ వారం గుండిగలు ఖాళీగా కనిపించాలి. శనివారం మీ పర్మనెంటు కాగితం నేనే తీసుకెళ్లి పెద్దాయన చేత సంతకం పెట్టిస్తాను."

పోయిన నెల తగ్గించినవాళ్లలో ఆవిడ మొగుడు కూడా ఉన్నాడు. నేతలో పదిహేనేళ్లు పనిచేసినవాడు ఇప్పుడు ఇంట్లో కుర్చీలకి నవారు బిగించుకుంటూ కూర్చుంటున్నాడు. ఉన్న ఒక్క జీతమూ ఆవిడదే, అదీ ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాల్సిన టెంపరరీ జీతం. ఆవిడ బాబాయి చేతిలోని డబ్బా లాక్కుని, అందులో ఉన్న బియ్యం మళ్లీ బస్తాలో ఒంపేసింది.

"ఇరవై ఎనిమిదే సార్. గింజ మిగలదు" అంది.

మధ్యాహ్నం గంట కొట్టగానే మిల్లంతా ఒక్కసారి నోరు మూసుకుంది. యంత్రాలు ఆగితే మనుషులు తిండికి పరిగెడతారు. కానీ క్లీనింగ్ ఆడవాళ్లు అప్పుడే పనిలోకి దిగుతారు. తిరిగే యంత్రం కిందికి ఎవరూ దూరలేరు కదా. మిగతావాళ్లు చేతులు కడుక్కునే వేళకి వాళ్లు పొట్ట మీద పాకుతూ కిందికెళ్లి, పేరుకున్న దూది పీచుని ఇనప కొక్కేలతో లాగుతారు. అది అయ్యాకే వాళ్లకి భోజనం. అందుకే వాళ్ల వరస ఎప్పుడూ ఆఖరు.

ఆ సోమవారం ప్యాకింగ్ వాళ్లు తినేసరికి గరిటె గుండిగ అడుగుని గీరడం మొదలుపెట్టింది. లోపల గిన్నెలు తోముతున్న ఆవిడకి ఆ చప్పుడు వినపడింది. అడ్డగోడ మీదుగా చూసింది. తలల నిండా తెల్లటి పీచుతో పద్నాలుగు మంది పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. బాబాయి గోకి గోకి ముందున్న నలుగురికి తలా అరగరిటె వేశాడు. ఆ తర్వాత గుండిగని వంచి చూపించాడు.

వరసలో ఆఖరున ఉన్నది ఆవిడ తోడికోడలు.

ఒకే ఇంట్లో ఇటు పెద్దకోడలైన ఆవిడ గది, అటు చిన్నకోడలి గది. ఇద్దరికీ మాటల్లేవు. అత్తగారి మంచం ఎవరి గదిలో వేయాలన్న దగ్గర పేచీ మొదలై, మంచం వరండాలోకీ, మాటలు మూలకీ చేరాయి. తోడికోడలు ఖాళీ పళ్లెం పట్టుకుని నేరుగా లోపలికి చూసింది. ఇద్దరి కళ్లూ కలిశాయి. ముందు చూపు తిప్పుకున్నది పెద్దకోడలే. ఆ అమ్మాయి పళ్లాన్ని పళ్లేల దొంతర మీద చప్పుడు కాకుండా పెట్టి వెళ్లిపోయింది.

"బాబాయ్, నీ చెయ్యి మరీ ధారాళమైపోయింది" అంది ఆవిడ, ఆ వెనకే మిగతావాళ్లూ వెళ్లిపోయాక.

"నా చెయ్యీ అదే, గరిటే అదే. ఏం మారిందమ్మాయ్?"

"అయితే నా లెక్క తప్పంటావా?"

"నేనన్నానా? నువ్వే అంటున్నావు."

మర్నాడు గరిటె కాస్త తగ్గించి వెయ్యమని చెప్పింది. దానికి నేతవాళ్లు కసురుకున్నారు, బాబాయి మళ్లీ నిండుగా వేశాడు, మళ్లీ ప్యాకింగ్ దగ్గరే అడుగు కనపడింది. బుధవారం క్లీనింగ్ వాళ్లు రానేలేదు.

"ఏమైంది వాళ్లకి?"

"ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకుంటున్నారేమో" అన్నాడు బాబాయి, చేతులు తుడుచుకుంటూ.

ఆ 'ఏమో'ని ఆవిడ గబుక్కున అందుకుంది. అవును, తెచ్చుకుంటున్నారేమో. మేనేజరు వచ్చి గుండిగ మూత తీసి, అడుగు తళతళలాడుతుంటే "శభాష్" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే ఆవిడకి సంతోషమే వేసింది. అబద్ధమెందుకు, ఇంటికి వెళ్లే దారిలో మొగుడికి కొత్త చొక్కా గుడ్డ చూద్దామా అని కూడా అనుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆవిడ ఇంటికి చేరేసరికి పెరటి వైపు తలుపు తెరిచి ఉంది. తోడికోడలు పొయ్యి దగ్గర నిలబడి తింటోంది. కూర్చోలేదు, కంచం పెట్టుకోలేదు, ఒక చేత్తో గిన్నె మూత పట్టుకుని రెండో చేత్తో గిన్నెలోంచే తీసుకుని గబగబా నోట్లో పెట్టుకుంటోంది. తలలో పీచు దులుపుకోనైనా లేదు. పనిలోంచి రాగానే ఎవరికీ కనపడకుండా తినేద్దామన్న తొందర అది.

ఆవిడ నోరు ఊరుకోలేదు. "నిలబడి తింటావేంటే, ఒంటికి పట్టదు."

పేచీ తర్వాత ఇవే మొదటి మాటలు. తోడికోడలు మూత పెట్టేసి, చెయ్యి కడుక్కుని, అప్పుడు తిరిగింది.

"మధ్యాహ్నం కూర్చోబెట్టి పెట్టేవాళ్లు లేరు మరి."

"అంటే?"

"ఏం తెలీనట్టు అడక్కక్కా. అత్తయ్య మంచం నా గదిలో వెయ్యనన్నది నేను. కోపం నా మీద. నన్ను మాడ్చు, పడతాను. మిగతా పదమూడు మందీ నీకేం చేశారు? అందులో ఒకమ్మాయి కడుపుతో ఉంది. నిన్న మిషను కింద నుంచి లేచి కళ్లు తిరిగి పడింది. నీళ్లు తాగించి కూర్చోబెట్టాం."

"నోరు అదుపులో పెట్టుకో. కావాలని చేశాననుకుంటున్నావా నేను?"

"కావాలని కాకపోతే? రోజూ అందరికీ సరిపోతుంది, మా దగ్గరికొచ్చేసరికి ఖాళీ. అడుగుదామని మేస్త్రి దగ్గరికెళ్లాం. ఈ భోజనం మీ కూలిలో లేదు, దయ తలచి పెడుతున్నారు, గోల చేస్తే అదీ పోతుంది, మీరూ పోతారన్నాడు. ఇంక ఎవరు మాట్లాడతారు?"

వరండాలో మంచం మీద అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని, నిద్రపోతున్నట్టు ఊపిరి తీస్తోంది. ఒక్క మాట కూడా వదలకుండా వింటోందని ఇద్దరికీ తెలుసు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో తన లెక్కని ఎవరూ వేలెత్తి చూపలేదు. "ఇలా చూడు. నీకూ అర్థమయ్యేలా చెప్తాను" అని రెండు చేతులూ చాపింది. "పైకి లాగినవి ఎడమచేతి మీద. కిందికి దించినవి కుడిచేతి మీద. రెండూ చెల్లు అవుతాయి. దూది నలభై మూడు, నలభై. మూడు కిందికి." కుడిచేతి బొటనవేలు మడిచింది. "నూలు ఎనభై నాలుగు, ఎనభై. నాలుగు కిందికి." ఇంకో వేలు. "నేత డెబ్బై రెండు. రెండు కిందికి. రంగులు ముప్ఫై ఒకటి..."

మాట నెమ్మదించింది. నాలుగో వేలు మడతపడింది. ప్యాకింగ్ యాభై నాలుగు. ఐదో వేలూ మడతపడి కుడిచెయ్యి పిడికిలి అయిపోయింది. క్లీనింగ్ పద్నాలుగు. ఆ నాలుగుకి మడవడానికి వేలు లేదు.

ఎడమచెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది.

ఒక్కటి కూడా పైకి వెళ్లలేదు. మనుషుల్ని తీసెయ్యకముందు నేతలో డెబ్బై ఆరుగురు, ప్యాకింగ్‌లో యాభై తొమ్మిది మంది ఉండేవారు. కొన్ని పైకి, కొన్ని కిందికి. ఎప్పుడైనా తేడా వస్తే ఆ పై రెండు డబ్బాలూ కాసేవి. తీసేశాక అన్ని అంకెలూ నాలుగులోపుకి వచ్చి కూర్చున్నాయి. ఉన్నవాళ్లు భయపడి ఒక్క సెలవు కూడా పెట్టడం లేదు కాబట్టి రోజూ అవే అంకెలు. మూడూ, నాలుగూ, రెండూ, ఒకటీ, నాలుగూ, నాలుగూ. పద్దెనిమిది మంది భోజనం రోజూ వండకుండానే వడ్డిస్తోంది ఆవిడ. ఆ పద్దెనిమిదీ వరసలో ఆఖరున నిలబడ్డవాళ్ల మీదే పడుతోంది.

"ఏం, ఆగిపోయావ్?" అంది తోడికోడలు.

ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. తోడికోడలి ముందు, ఆ పక్కన అత్తగారి చెవుల ముందు, గుండుసున్నక్క లెక్క తప్పిందని చెప్పడానికి ఆ నోరు రాలేదు.

"ఏం లేదు" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

శనివారం పొద్దున్న కేకలు వచ్చాయి. అవే అంకెలు. క్లీనింగ్ మేస్త్రి గొణుగుడు అయ్యేదాకా ఆవిడ ఏమీ అనలేదు.

"ఇరవై ఎనిమిదేగా?" అన్నాడు బాబాయి డబ్బా పట్టుకుని.

"ముప్ఫై."

"ఇవాళేగా నీ సంతకం?"

"పొయ్యమన్నాను పొయ్యి బాబాయ్."

బాబాయి పోశాడు. నీళ్లు తెర్లుతుంటే ఆవిడ పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోసింది. అన్నం తగినంత ఉంటే వాళ్లే వస్తారు, తింటారు, గుండిగ ఖాళీ అవుతుంది, మేనేజరు చూస్తాడు, సంతకం పడుతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. రాత్రంతా కూడి తీసి ఆవిడ తేల్చుకున్న లెక్క ఇది.

గంట కొట్టారు. దూదివాళ్లు తిన్నారు, నూలువాళ్లు తిన్నారు. నేతవాళ్లు రెండోసారి అడిగితే వేయించింది. ప్యాకింగ్ వాళ్లు పళ్లేలు కడిగి వెళ్లిపోయారు. గుండిగలో మూరెడు లోతున అన్నం మిగిలి ఉంది. కూర గిన్నెలోనూ అంతే.

కిటికీ దగ్గరికి ఎవరూ రాలేదు.

బాబాయి గరిటె పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ పొయ్యి మీది బూడిద తుడిచింది, తుడిచినచోటే మళ్లీ తుడిచింది. నడవాలో చెప్పుల చప్పుడైతే తలెత్తి చూసింది. వచ్చింది మేనేజరు. చంకలో ఫైలు ఉంది.

ఆయన నేరుగా గుండిగ దగ్గరికెళ్లి మూత తీశాడు.

"ఇదేంటమ్మా ఇవాళ?"

"క్లీనింగ్ వాళ్లు ఇంకా రాలేదు సార్."

"వాళ్లు మూడు రోజుల నుంచీ రావడం లేదని మేస్త్రి చెప్పాడుగా. అయినా వాళ్లకి కూడా వండారా?" ఆయన మొహం తేటపడింది. "అయితే మీ తప్పేం లేదులెండి. తిననివాళ్లకి వండడం దేనికి? సోమవారం నుంచి ఆ పద్నాలుగూ తీసేద్దాం. పెద్దాయన అడిగితే వాళ్లు రారని మీరొక్క మాట చెప్పండి, చాలు. సంతకం ఇప్పుడే అయిపోతుంది."

ఆవిడ బుర్ర అలవాటుగా లెక్క కట్టేసింది. రెండొందల తొంభై ఎనిమిదిలో పద్నాలుగు తీస్తే రెండొందల ఎనభై నాలుగు. గుండ్రంగా రెండొందల ఎనభై. ఇరవై ఎనిమిది డబ్బాలు. ఎంత బాగా కుదిరిపోయింది! అన్నం తగ్గదు, గొడవ ఉండదు, తన లెక్క తప్పని లోకంలో ఎవరికీ తెలీదు. నిజానికి అది అబద్ధం కూడా కాదు. వాళ్లు రాలేదు కదా.

ఇంట్లో మొగుడు నవారు బిగిస్తూ, పని అయిపోయిన కుర్చీనే విప్పి మళ్లీ అల్లుకోవడం ఆవిడకి గుర్తొచ్చింది. వాళ్లు రారని చెప్పెయ్యాలనే అనిపించింది.

"వాళ్లు రాకపోవడం కాదు సార్" అంది. "రాకుండా నేనే చేశాను. వారం నుంచీ పద్దెనిమిది మందికి తక్కువ వండాను. నా లెక్క తప్పింది."

మేనేజరు నవ్వాడు. "పదీ పద్దెనిమిదీ తేడా ఎక్కడైనా ఉంటుందమ్మా. మూడొందల మందిలో అదెంత?"

"మూడొందల్లో తక్కువే సార్. వాళ్ల పద్నాలుగులో అదే మొత్తం."

ఆయన నవ్వు ఆగింది. గడియారం చూసుకున్నాడు. "చూడండి, నాకిదంతా అనవసరం. మళ్లీ గంట కొట్టేసరికి గుండిగ ఖాళీగా ఉంటే కాగితం పైకెళ్తుంది. లేకపోతే ఉన్నదున్నట్టు రాస్తాను."

ఆవిడ చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి నేత షెడ్డులోకి పరిగెత్తింది.

ఆగిన మగ్గాల మధ్య గాలి కదలడం లేదు. అక్కడక్కడా యంత్రాల కింద నుంచి పాదాలు మాత్రం కనపడుతున్నాయి. కడుపుతో ఉన్న అమ్మాయి స్తంభానికి ఆనుకుని చీపురు పుల్లల్లోంచి పీచు ఏరుతోంది. ఆవిడ ఒక్కో వరసా దాటుకుంటూ, మడమ దగ్గర పగిలిన ఆ పాదాలని గుర్తుపట్టింది. రోజూ పెరట్లో కనపడే పాదాలే.

"లే, అన్నం ఉంది" అంది వంగి.

కొక్కెం చప్పుడు ఆగలేదు. "నిన్నటిదాకా లేము, ఇవాళ ఉన్నామా? పని ఉందక్కా."

ఆవిడకి ఇంక దారి లేదు. ఆ పాదాలకే చెప్పింది, షెడ్డంతా వినపడేలా.

"నా లెక్క తప్పింది. అందరి అంకెలూ కిందికే దించాను, ఒక్కటీ పైకి రాలేదు. రాత్రి నీ ముందే తెలిసింది, చెప్పలేకపోయాను. నీ మీద కోపంతో తక్కువ వండలేదు. ఒట్టు." ఇంకాస్త వంగింది. "కానీ మొదటి రోజే నీ ఖాళీ పళ్లెం చూశాను. ఇంకెవరిదైనా అయితే బయటికొచ్చి అడిగేదాన్ని. నువ్వని ఊరుకున్నాను. అది మాత్రం కోపంతోనే."

కొక్కెం ఆగింది. పాదాలు కదల్లేదు.

మిగతా వరసల్లో ఒక్కొక్కరే బయటికి పాకి లేచారు. ఒకావిడ కడుపుతో ఉన్న అమ్మాయికి చెయ్యి అందించింది. కొళాయి దగ్గర చేతులు కడుక్కుని కిటికీ వైపు నడిచారు. ఆవిడ ఇంకాసేపు ఆ మగ్గం దగ్గరే నిలబడి, ఇక నిలబడలేక వాళ్ల వెనకే వెళ్లింది.

బాబాయి గరిటె నిండుగా, గుట్టగా వేశాడు. ఒకరి తర్వాత ఒకరు పళ్లెం పట్టుకుని బల్ల దగ్గరికెళ్లి కూర్చున్నారు. ఆ బల్ల దగ్గర వారంలో వాళ్లు అంతమంది కూర్చోవడం అదే మొదటిసారి. ఆవిడ కళ్లతో లెక్కపెట్టింది. పదమూడు.

"దాదాపు అందరూ వచ్చేసినట్టే" అన్నాడు బాబాయి గొంతు తగ్గించి. "ఇంక ఇంతే ఉంది. నువ్వూ నేనూ తినేసి కడిగి బోర్లించేద్దాం. ఆయన చూస్తే ఖాళీయే. కానీ తొందరగా, గంట కొట్టేస్తారు."

గుండిగ అడుగున ముగ్గురికి సరిపడా ఉంది. ఆవిడ బాబాయికి ఒక పళ్లెంలో పెట్టిచ్చింది. తనకి పెట్టుకోలేదు. మిగిలిన దాని మీద మూత పెట్టి, ఆ మూత మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఇంకొకరు రావాలి బాబాయ్."

"రానంటే?"

"రావాలి."

గంట కొట్టింది. యంత్రాలు ఒక్కొక్కటే మొరాయించి కదిలాయి. బల్ల దగ్గరివాళ్లు గబగబా ఆఖరి ముద్దలు తింటున్నారు. మేనేజరు వచ్చి, ఆవిడ చెయ్యి పక్కకి జరిపి మూత ఎత్తి చూశాడు. ఫైలు తెరిచాడు.

"మిగిలిందని రాస్తున్నాను. మీ కాగితం సంతకానికి పెట్టడం లేదు. మీరే చేసుకున్నారు."

"రాయండి సార్" అంది ఆవిడ. అనేశాక ఏడుపొచ్చింది. వారమంతా ఆ కాగితాన్ని ఎన్ని రకాలుగా ఊహించుకుందో ఆవిడకే తెలుసు. ఆయన వెళ్లేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వెళ్లాక కూడా మూత మీద చెయ్యి తియ్యలేదు.

యంత్రాల హోరు పూర్తిగా అందుకున్నాక నడవాలోంచి తోడికోడలు వచ్చింది. యంత్రం కదిలేదాకా కిందే ఉన్నట్టుంది, తల మీదా కనుబొమల మీదా పీచు అలాగే ఉంది. కొళాయి దగ్గర చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. తొందరేం పడలేదు. దొంతర మీంచి పళ్లెం తీసుకుని కిటికీలోంచి చాపింది, ఆవిడ మొహం చూడకుండా.

ఆవిడ బాబాయి దగ్గర గరిటె తీసుకుని తనే వడ్డించింది. రెండు మెతుకులు గట్టు మీద పడ్డాయి.

పళ్లెం వెనక్కి వెళ్లలేదు.

"ఇంకో గరిటె వెయ్యి" అంది తోడికోడలు. "వారం రోజుల బాకీ ఉన్నావు నాకు."

ఆవిడ వేసింది.